తన ఇల్లు తాను చూసుకోవడానికి

పిఠాపురం, 2004 ఆగస్టు, గురువారం

సాయంత్రం వార్త పంపడానికి నెట్ సెంటర్‌కి వెళితే ఉప్పాడలో చీరలు నేసే సత్యవతి గారు కనిపించారు. ఆమె ఇల్లు సముద్రపు కోతకు పోయింది. పోకముందు మేం తీసిన ఫోటో మా పేపర్ వెబ్‌సైట్‌లో ఉంది. ఇంటికి మిగిలిన గుర్తు అదొక్కటే, ప్రింటు కావాలని వచ్చారు. పేరు, ఈమెయిల్ నమోదు చేస్తే తప్ప ఫోటో తెరుచుకోవడం లేదు.

"మా ఇల్లు మేం చూసుకోడానికి మీకు పేరు రాసివ్వాలాండీ?" అని నన్నే అడిగారు.

సెంటర్ నడిపే సూర్రావు గారు నవ్వారు. "మీరు కూర్చోండమ్మా. ఎవరొచ్చినా నా పేరు మీదే సైట్ లోపలికి పంపిస్తాను." నా వైపు తిరిగారు. "మీ లెక్కలో మీ పేపర్ని నా అంతగా చదివేవాడు జిల్లాలో లేడండి."

ఎవరు చదువుతున్నారో తెలిస్తేనే ప్రకటనలొస్తాయని మా ఆఫీసు వాదన. అది అబద్ధం కాదు. నా జీతమూ అందులోంచే వస్తుంది. ఈ నమోదు ఉంచాలా, తీసేయాలా అని రేపు మీటింగులో నన్నూ అడుగుతారు. ఇంకా తేల్చుకోలేదు.

ప్రింటు చేతికొచ్చాక ఆమె ఫోటోలోని గడప మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఆ ఫోటో తీసిన రోజు పేరు, ఇంటిపేరు, వయసు అడిగి రాసుకున్నాను. ఎందుకని ఆమె అడగలేదు.

మా రికార్డు ప్రకారం ఇవాళ ఆ ఇంటిని చూసింది సూర్రావు గారు.