అత్తయ్య జోలపాట దొరికింది

ఏమండీ,

రాగానే టీవీ పెట్టండి. కంప్యూటర్ మాత్రం ముట్టుకోకండి. భోజనం టేబుల్ మీద ఉంది.

అత్తయ్య పాట దొరికింది! ఆవిడ పోయాక ఆ గొంతు మనకు మిగిలింది అందులోనే, దాన్ని నేనే చెరిపేశానని నెల రోజులు మూతి ముడుచుకు తిరిగారు కదా, ఇప్పుడు వినండి. కంప్యూటర్లో ఫోల్డర్లన్నీ ఏడాదులవారీగా సర్దింది మీరే. కంప్యూటర్లోని పాటల్ని టీవీలో చూపించే జాబితా పాత ఫోల్డర్లోనే వెతికి, అక్కడ ఏమీ లేకపోయేసరికి పాట పేరే తీసేసింది. ఫైలు కంప్యూటర్లో నిక్షేపంలా ఉంది. కొత్త ఫోల్డర్లు చూపించగానే చిటికెలో అన్నీ వచ్చేశాయి. ఇకమీదట మీరు ఏది ఎటు జరిపినా జాబితా తనంతట తానే సరిచూసుకుంటుంది. అదీ నేనే పెట్టాను. ఆస్పత్రిలో మందుల బీరువాలు సర్దేదాన్ని, నాకిదో లెక్కా!

ఆ గొంతు వినగానే నా కోపం సగం దిగింది. మిగతా సగం డ్యూటీ నుంచి వచ్చాక చూద్దాం.

మరిచిపోయాను. పాట మధ్యలో ఆపేయకండి. మన పాపకు జోల పాడుతూ పాడుతూ చివర్లో అత్తయ్య మిమ్మల్నే కేకేశారు: "ఒరేయ్ బుజ్జీ, తీసిన వస్తువు తీసినచోట పెట్టమని నీకెన్నిసార్లు చెప్పాలిరా!"