తిరిగొచ్చినవాడి పేరు

నవంబర్ 1983, మంగళవారం రాత్రి
అలాస్కా

పొద్దున మా క్లినిక్‌లో మగపిల్లాడు పుట్టాడు. సాయంత్రం వాడి నాయనమ్మ వచ్చింది. మొన్న వసంతంలో ఆమె భర్త సీల్ వేటకెళ్లి, మంచు విరిగి సముద్రంలో మునిగిపోయాడు. పోయినవాళ్లు పేరుతో పాటే తిరిగొస్తారని ఇక్కడి ఇనుయిట్ తెగవాళ్ల నమ్మకం; అందుకే బిడ్డకి ఆయన పేరే పెట్టారు. ఆమె బిడ్డని గుండెకి హత్తుకుని, "వచ్చావా? నీళ్లలో బాగా చలేసిందా?" అంది, మొగుణ్ణి అడిగినట్టే.

తర్వాత నా ఏడో నెల కడుపు వైపు చూసి, "నీకెవరొస్తున్నారు?" అంది.

స్కూల్లో పలకడానికి ఈజీగా ఉంటుందని మేం బాబైతే కెవిన్, పాపైతే లిసా అని పెడదామనుకుంటున్నాం.

అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. అమ్మకి చలి అస్సలు పడదు. ఇంత దూరం వస్తుందా...

ఎందుకైనా మంచిదని అమ్మ శాలువా తీసి హీటర్ పక్కన వేశాను.