తీజా పెట్టెలో మన రంగు

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ,
రాయపూర్.

అమ్మ పోయాక నాకు అమ్మవైన అప్పకి, నీ తమ్ముడు సింహాచలం ఇంత దూరం నుంచే నీ కాళ్ళకి మొక్కి రాస్తున్న సంగతులు. ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావ దగ్గు తగ్గిందా? ఆవు ఈనిందా? మా గురించి బెంగ పెట్టుకోవద్దు. మేం బాగానే ఉన్నాం.

ఈ ఉత్తరం మనవరాలు జ్యోతి నీకు చదివి వినిపిస్తుందని తెలుసు. జ్యోతీ, పెళ్ళికూతురికి పని చెబుతున్నానని అనుకోకు తల్లీ. అరుగు మీద కాకుండా లోపల కూచుని చదువు. పక్కింటివాళ్ళు వింటే ఈ తాతకి సిగ్గు.

అప్పా, ఉత్తరంతో పాటు ఒక పెట్టె పంపుతున్నాను. మా రైల్వే వర్క్‌షాపులో పనిచేసే పలాస గణపతి సెలవు మీద వస్తూ పట్టుకొస్తున్నాడు. ఎర్ర అట్టపెట్టె, మీద నెమలి బొమ్మ. ఉత్తరం మొత్తం విన్నాకే దాన్ని విప్పు. ముందే విప్పితే నన్ను పిచ్చోడంటావు.

ఇక్కడ వానలు ఇంకా తగ్గలేదు. గోడలు చెమ్మగిల్లాయి. అబ్బాయి క్వార్టరు వెనక నేను వేసిన బీరపాదు కుళ్ళిపోయింది. ఆనపపాదు బతికింది. అబ్బాయికి ఈ వారం రాత్రి డ్యూటీ. కోడలికి ఒంట్లో బాగానే ఉంది. నీ మరదలు పార్వతి ఎప్పటిలాగే నన్ను తిడుతోంది కాబట్టి ఆమె కూడా బాగానే ఉన్నట్టు. మంచి చేప దొరకదు. అంబలి కాచుకుందామంటే చోడిపిండి అసలే దొరకదు. గణపతి తిరిగి వచ్చేటప్పుడు కొంచెం చోడిపిండి, ఇంటి చింతపండు పంపించు. మరీ ఎక్కువ వద్దు, అతను మోయలేడు.

రిటైరయ్యాక పొద్దు పోవడం కష్టంగా ఉంది. నాతో పనిచేసిన మనవైపువాళ్ళు చాలామంది సొంత ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఒక్కోరోజు ఊరికే స్టేషనుకి పోయి, విశాఖపట్నం వెళ్ళే బండి వచ్చేదాకా నిలబడతాను. కిటికీల్లోంచి మన మాటలు వినిపిస్తాయి. ఎవరో మంచినీళ్ళ కోసం కేకేస్తారు, ఎవరో పిల్లని కసురుతారు. బండి కదిలాక ఇంటికి వస్తాను. అంతే, ఇందులో బెంగేమీ లేదు. మేం బాగానే ఉన్నాం.

ఇక అసలు సంగతి. నీ కొడుకు అప్పన్న నాకు ఉత్తరం రాశాడు. అతని మాటలే కింద రాస్తున్నాను. “మామా, కార్తీకంలో జ్యోతి పెళ్ళి. మా అమ్మ అన్నిటికీ సరే అంటంది గానీ ఫోటో కాడికి మాత్రం రానంటంది. జ్యోతేమో నానమ్మ పక్కన లేకపోతే నానూ ఫోటో తీయించుకోనని మొండికేసింది. ఇద్దరి మద్దెనా నాను సస్తన్నాను. నువ్వే ఏదో ఒకటి సెప్పాలి.”

నేనేం చెప్పగలను అప్పా? నీకు చెప్పేంతవాణ్ణా? కానీ నువ్వెందుకు రానంటున్నావో నాకు తెలుసు. ఆ ఇంట్లో వాళ్ళెవరికీ తెలీదు. నువ్వు చెప్పలేదు.

నీ పెళ్ళప్పుడు నేను లాగూ వేసుకునే వయసువాణ్ణి. ఆ పొద్దున నువ్వు సగ్గుబియ్యం మాడ్చి చాదు చేసుకున్నావు. కొబ్బరి చిప్పలో నీకింత ఉంచుకుని, మిగిలింది నా నుదుట పెట్టావు. ఆ మాడు వాసన నాకిప్పటికీ తెలుసు. నువ్వు పచ్చచీర కట్టుకుని నూతి దగ్గర నిలబడితే ఎంత బాగున్నావో. మన రంగు నలుపే. కానీ నీ నలుపు వాన పడ్డాక దున్నిన మడిలా ఉండేది.

అంతలో బావ మేనమామ ఖరగ్‌పూర్ నుంచి ఫోటో తీసేవాణ్ణి తెచ్చాడు. ఫోటో అనగానే ఆడవాళ్ళందరూ నిన్ను చుట్టేశారు. “ఇంత నల్లగా ఉంటే ఫోటోలో బొమ్మ పడదే” అని ఒకావిడ. “పిల్ల కనపడదు, పళ్ళే కనపడతాయి” అని ఇంకొకావిడ. ఎవరో పౌడరు డబ్బా తెచ్చి నీ మొహానికి పూసేశారు. దిష్టి గుమ్మడికాయకి సున్నం పూసినట్టు పూశారు. చేతులకి పూయాలని ఎవరికీ తోచలేదు. నువ్వు కళ్ళు దించుకుని కూచున్నావు.

కొన్నాళ్ళకి ఫోటో వచ్చింది. మీ అత్తవారింటి చావట్లో అందరూ చూశారు. నేను నిన్ను చూడ్డానికి వచ్చి అక్కడే ఉన్నాను. మీ అత్త నవ్వుతూ, “ఇదేటే కోడలా, మొగం ఒకర్దీ సేతులింకొకర్దీనా?” అంది. అందరూ నవ్వారు. ఆవిడ మంచిదే, తరవాత నిన్ను బాగానే చూసుకుంది. కానీ ఆ మాట నీలో ఎక్కడ దిగిందో నేను చూశాను. నువ్వు ఆ ఫోటో తీసుకెళ్ళి ధాన్యం గాబు వెనక పడేశావు.

అప్పట్నుంచి నువ్వు ఫోటోకి దొరకలేదు. అప్పన్న పెళ్ళిలో ఫోటో అతను రాగానే గాడిపొయ్యి దగ్గరికి పోయావు, అన్నం చూడాలని. మొన్నామధ్య ఓటు కార్డు ఫోటోకి కూడా కొంగు కళ్ళదాకా లాక్కున్నావట. అప్పన్న నవ్వుతూ రాశాడు. నాకు నవ్వు రాలేదు.

ఈ సంగతే మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంతలో ఇక్కడ తీజా వచ్చింది. వినాయక చవితికి ముందురోజు ఇక్కడి ఆడవాళ్ళ పండగ. పెళ్ళయిన ఆడపిల్లని అన్నో తమ్ముడో వెళ్ళి పుట్టింటికి తెచ్చుకుంటాడు. ఆమె పుట్టింట్లో ఉపవాసం ఉంటుంది. వాళ్ళు చీర, సింగారం సామాను ఇచ్చి పంపుతారు. ఎంత ముసలామె అయినా సరే.

మా పక్క క్వార్టరులో సాహూ అని ఉన్నాడు. నాతోపాటు పనిచేసినవాడే. ఆరంగ్ దగ్గర పల్లె నుంచి ఏటేటా వాళ్ళక్కని తెస్తాడు. ఆమెకి పళ్ళు లేవు. అయినా తమ్ముడి చెయ్యి పట్టుకుని రిక్షా దిగేటప్పుడు మొహం చూడాలి అప్పా, కొత్త పెళ్ళికూతురే. నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. సాహూ హిందీలో అడిగాడు.

“క్యా భాయ్, నీకూ దీదీ ఉందిగా? ఎప్పుడూ తేవేం?”

“మావైపు ఈ పండగ లేదు” అన్నాను.

“పండగ లేకపోతే అక్క కూడా లేదా?” అన్నాడు.

వాళ్ళక్క బోసినోటితో పకపకా నవ్వింది. “తేలేకపోతే పోనీ, సింగారం పంపించు. కానీ నీ చేత్తో నువ్వే కొనాలి. పెళ్ళాం కొన్నది తీజాకి చెల్లదు” అంది. తరవాత వాళ్ళింటి నుంచి ఠేఠరీ, ఖుర్మీ పంపారు. ఖుర్మీ తీపిది, ఠేఠరీ అంటే మన జంతికల్లాంటిది. పార్వతి తిని, ఉప్పు చాల్లేదంది.

తీజా ముందు ఇక్కడ కొట్లన్నీ మారిపోతాయి. బొంబాయి కంపెనీవాళ్ళు ఈ పండక్కని ప్రత్యేకంగా పెట్టెలు కట్టి పంపుతారు. అందులో కాటుక, గోళ్ళరంగు, పెదాల రంగు, పారాణి, అద్దమున్న పౌడరు డబ్బా, అన్నీ ఉంటాయి. ఒక ఏడు వచ్చిన రంగులు మరో ఏడు రావు. పండగ వెళ్ళిపోతే మిగిలిన పెట్టెలు వెనక్కి పోతాయి. అందుకే ఆడవాళ్ళు తోసుకుంటారు. మన ఊరి తీర్థంలో గాజుల కొట్టు మీద పడేవారే, అచ్చం అలాగే.

తెలీబంధా అనే పేటలో అలాంటి పెద్ద కొట్టుందని కోడలు చెప్పింది. టెంపో ఎక్కి వెళ్ళాను. లోపల అందరూ ఆడవాళ్ళే. ఎదురుగా టీ తాగాను. ఇంకో టీ తాగాను. వాన వచ్చింది. తిరిగి వచ్చేశాను.

“ఏటీ, కొట్టు సూసి ఎనక్కొచ్చేసినావా?” అంది పార్వతి. “ముప్పయ్యేళ్ళు వేగన్ల కింద దూరినోడివి, ఆడోళ్ళ కొట్టులో దూరడానికి బయమేటి?”

“నువ్వూ రా” అన్నాను.

“నానెందుకొస్తాను? సెల్లదని ఆ ముసిల్ది సెప్పలేదా? మీ అప్పకి నువ్వే తే.”

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి టీ తాగలేదు. తాగితే మళ్ళీ అక్కడే ఉండిపోతానని.

గల్లా పక్కన ఒక అమ్మాయి ఉంది. “దాదాజీ, దాదీ కోసమా?” అంది. అందరూ నావైపు తిరిగారు. చెవులు కాలిపోయాయి.

“కాదమ్మా. అక్కకి” అన్నాను.

“అక్కగారి రంగేమిటి? తెలుపా, చామనఛాయా?”

నాకు హిందీ వచ్చు. కానీ నీ రంగుని ఏమని చెప్పను? చొక్కా చెయ్యి పైకి మడిచి, నా చెయ్యి బల్ల మీద పెట్టాను. “ఇదిగో, ఇలా” అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. ఒక పెట్టె విప్పి నా చేతి మీద పౌడరు రాసింది. సున్నం. ఇంకో పెట్టె తీసింది. బూడిద. పక్కన నిలబడ్డ ఒక లావుపాటావిడ, “పర్లేదు బాబాజీ, తెల్లగా కనపడాలనే కదా రాసుకునేది” అంది. నేను తల అడ్డంగా ఊపాను. ఎందుకో ఆ రోజు నాకు మాట వచ్చింది అప్పా. “మా అక్క తెల్లగా కనపడక్కర్లేదు. మా అక్కలా కనపడాలి” అన్నాను.

అప్పుడు ఆ అమ్మాయి బల్ల కింద వెతికి, అడుగున ఉన్న పెట్టె తీసింది. “ఈ రంగు ఈ తీజాకే మొదటిసారి పంపారు దాదాజీ. ఎవరూ అడగరు. అందరూ తమకంటే ఒక మెట్టు తెల్లని రంగే కావాలంటారు. ఇవన్నీ వెనక్కి పంపేస్తారు” అంది. దూదితో నా చేతి మీద రాసింది. రాసిన చోటు నాకు కనపడలేదు. వెలుగులోకి వెళ్ళి చూశాను. కనపడలేదు. చర్మంలో కలిసిపోయింది, కొంచెం నున్నగా మాత్రం ఉంది. ఆ లావుపాటావిడ కూడా వంగి చూసింది. “హాయ్ రామ్, ఇలాంటిది ఉందని మాకెప్పుడూ చెప్పవేం?” అని ఆ అమ్మాయి మీద గయ్‌మంది. ఆమె కూడా మన రంగే. ఇంకొకటి ఉంటే ఆమే పట్టుకుపోయింది.

అదీ సంగతి. పెట్టెలో సిందూరం డబ్బా ఉంటుంది. ఇక్కడివాళ్ళు పాపిట్లో పెట్టుకుంటారు. నువ్వు బొట్టుకి వాడుకో. పెదాల రంగు జ్యోతికి ఇచ్చేయి, నువ్వు ఎలాగూ వేసుకోవు. వేసుకున్నా నేనేమీ అనను.

ఇంకొకటి చెప్పాలి. పౌడరు బిళ్ళ ఒక అంచున అరిగి ఉంటుంది. కొట్టువాళ్ళు వాడినది అంటగట్టారని అనుకోకు. వాడింది నేను.

ఇంటికి వచ్చాక నాకు అనుమానం పట్టుకుంది. కంటికి బాగానే ఉంది, ఫోటోలో ఎలా పడుతుందో? నేను చూడకుండా నీకు పంపి, మళ్ళీ నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తే? అందుకని పార్వతిని పూయమన్నాను. “పెళ్ళినాడు కూడా ఇంత సోకు సెయ్యనోడివి” అంటూనే మొహానికంతా సరిగ్గా పూసింది. అలాగే రోడ్డు మీద నడిచి వెళ్ళాను. ఎవరూ నన్ను వింతగా చూడలేదు. కాలనీ గేటు పక్క స్టూడియోలో కూచున్నాను.

“పింఛను కాగితాలకా బాబా?” అని అడిగాడు ఫోటో అతను.

“కాదు. పెద్దది తియ్యి. చేతులు కనపడాలి” అన్నాను.

“చేతులెందుకు?”

“అదంతే” అన్నాను.

ఆ ఫోటో కూడా పెట్టెలోనే పెట్టాను. భయపడ్డట్టు కూచున్నానని పార్వతి నవ్వుతోంది. అది వదిలేసి రంగు చూడు అప్పా. మొహం చూసి, తరవాత చేతులు చూడు. జ్యోతి కళ్ళతో కాదు, నీ కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చూడు.

నేను నిన్ను రమ్మని బలవంతం చెయ్యను. అంత మాట నాకు రాదు. కార్తీకంలో పెళ్ళికి నేను, పార్వతి తప్పకుండా వస్తాం. ఫోటో అతను అందరినీ పిలిచినప్పుడు నేను వెళ్ళి జ్యోతి వెనక నిలబడతాను. నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదులుతాను. నువ్వు వస్తే సరే. రాకపోతే ఆ చోట్లో ఎవర్నీ నిలబడనివ్వను. బావ కసిరినా సరే, ఫోటో అతను జరగమన్నా సరే, జరగను. ఆ ఖాళీ అలాగే ఫోటోలో పడనీ. రేపు జ్యోతి పిల్లలు అడిగితే, ఇక్కడ మా నానమ్మ ఉంది అని అది చెప్పుకుంటుంది.

బావకి నా నమస్కారాలు. పెద్దలందరికీ దండాలు చెప్పు. అప్పన్నకి, కోడలికి, పెళ్ళికూతురికి మా ఇద్దరి దీవెనలు. చోడిపిండి మరిచిపోకు. మా గురించి బెంగ వద్దు, మేం బాగానే ఉన్నాం. నీ చెయ్యి నా తల మీద ఉందని తలుచుకుంటూ ఇక్కడికి ఆపుతున్నాను.

నీ తమ్ముడు,
సింహాచలం