రేపు సరయేవోకి మైకు రాదు

హమ్దియా,

యూనియన్ మీటింగుకి పోతున్నాను. పొయ్యి మీద బంగాళాదుంపల పొరల రొట్టె ఉంది. ముట్టుకోకు, అది రేపు సరయేవోలో మన భోజనం. హోటళ్లకి తగలేసే డబ్బు మన దగ్గర లేదు, నది ఒడ్డున కూర్చుని తిందాం. గుడ్లు నువ్వే ఉడకబెట్టు. రైల్లో ఎవరైనా కిటికీ తెరిస్తే ఈదురుగాలికి నడుం పట్టేస్తుందని గొడవ పడకు. మఫ్లరు చుట్టుకో.

అసలు మాట. సరయేవోలో ఉన్న మీ జుమ్రా అత్తకి ఫోన్ చెయ్యకు. పోయినసారి "ఒక్క కాఫీ తాగి లేచిపోదాం, లేకపోతే అలుగుతుంది" అన్నావు. ఆవిడ "కూర్చో అమ్మాయ్, ఇంకా ఏం తిన్నావని?" అంటూ చివరి రైలు దాకా లేవనివ్వలేదు. ఆ రోజు మనం చూసిందల్లా ఆవిడ తివాచీ.

ఆ రోజు తప్ప నేను ఆ ఊరికి ఎప్పుడు వెళ్లినా ఊరేగింపులో చేతిమైకు పట్టుకుని అరవడానికే వెళ్లాను. ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ చూడలేదు. పెళ్లయిన ఇన్నేళ్లకి ఒక్కసారి నీ చెయ్యి పట్టుకుని పాత బజారులో ఊరికే తిరగాలని ఉంది. నవ్వకు.

రసేమా

సంచీలో ఒక కాఫీ పొట్లం పెట్టు. ఊళ్లో ఎవరైనా మనల్ని చూసి అత్తకి చెప్పేస్తే ఉత్త చేతులతో ఆ గడప తొక్కలేం. చేతిమైకు తెస్తున్నానేమోనని నా సంచీ వెతకనక్కర్లేదు, దాన్ని మీటింగులోనే వదిలేసి వస్తాను.