అలిగిన బతుకమ్మ నాడు రావాల్సిన బస్సు

సెప్టెంబరు 19, శుక్రవారం

కంటికి ఆపరేషన్ అయ్యాక డైరీ ముట్టలేదు. డాక్టరు వద్దన్న గడువు ఎప్పుడో దాటింది, ఆ తర్వాతది బద్ధకమే. ఈరోజు మళ్లీ పెన్ను పట్టడానికి కారణం కోపం. కోపంలో మాట్లాడితే మాట జారుతుంది. రాస్తే చెయ్యి నెమ్మదిస్తుంది.

పొద్దున ఉట్నూర్ నుంచి లలిత ఫోన్. నా కడుపున పుట్టిందే, గొంతు మాత్రం అచ్చం వాళ్ల అత్తది.

"దసరా అయినంక అచ్చి మంజులను తోలుకపోత అమ్మా. సదివిన కాడికి సాలు."

అక్కడ వాళ్ల ఊరికి జీపులే గతి, అదీ వెనక కడ్డీ పట్టుకుని నిలబడే ప్రయాణం. మనవరాలు మంజులకు కరీంనగర్‌లో నర్సింగు సీటు వస్తే అందుకే నా దగ్గర పెట్టారు. నా దగ్గర మాత్రం ఏం ఉద్ధరించింది... మెయిన్ రోడ్డు స్టేజీ దాకా చీకట్లో నడక. హుజూరాబాద్ నుంచి మొదటి బస్సు కిక్కిరిసి వస్తుంది. చెయ్యెత్తినా ఆగదు. ఆసుపత్రి డ్యూటీకి రోజూ ఆలస్యం. ఇలాగే అయితే పరీక్షకు కూర్చోనివ్వం అని కాలేజీ వాళ్లు లలితకు చెప్పారట. హాస్టల్లో మంచం ఖాళీ లేదు.

"పిల్లకు సదువు రాకుంటె మానిపియ్యి. బస్సు రాకుంటె మానిపిస్తవా?" అన్నాను.

"అయితె బస్సు నువ్వు తెప్పిస్తవా?"

తెప్పిస్తాను. ఆ మాట ఫోన్లో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

సెప్టెంబరు 20, శనివారం

పంచాయతీ సెక్రెటరీ వచ్చాడు. కుర్రవాడే, పక్క జిల్లా వాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు, ఆ మర్యాద ఉంది.

డిపో వాళ్లు ఊళ్లలోకి బస్సులు పెంచుతున్నారు. రాత్రి వచ్చి, ఊళ్లోనే పడుకుని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగా బయలుదేరే బస్సు — నైట్ హాల్ట్. మా వైపు ఒక్కటే ఇస్తారు. మాకో, పక్క ఊరికో. డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి గది, బస్సు తిరగడానికి జాగా ఉండాలి. గది ఉంది, మూతపడ్డ లైబ్రరీ. జాగా కూడా "తేలిపోయింది మేడం" అన్నాడు.

తేలిపోయిన జాగా ఏదంటే, బడి ముందు ఆడవాళ్లు బతుకమ్మ ఆడే జాగా. మగవాళ్లు కూర్చుని రాసిచ్చేశారు. ఒక్క ఆడమనిషిని పిలవలేదు. వాళ్లు కూర్చుని కల్లు తాగే మండువ కూడా అంత వెడల్పే, అది ఎవరికీ గుర్తు రాలేదు.

గంగవ్వ పాలు పొయ్యడానికి వచ్చి వింది. "మా జాగ ఇచ్చుటానికి ఆళ్లెవలు? కల్లు కుండల మీదికెల్లి తిప్పుమను బస్సు!"

ఆ ముచ్చట తర్వాత తేల్చుకుందాం, ముందు బస్సు వచ్చి చూసి పోనీ అన్నాను. డిపో ఇన్‌స్పెక్టరు వారం లోపే బస్సు తెచ్చి తిప్పి చూస్తాడట. రేపటి నుంచి బతుకమ్మ. రోజూ సాయంత్రం ఆ జాగా నిండుతుంది. ఒక్క ఆరో రోజు అమ్మ అలుగుతుంది కాబట్టి ఎవరూ పూలు పేర్చరు, ఎవరూ ఆడరు. రేపే మొదటిది గనుక అలిగేది 26, శుక్రవారం. ఆ సాయంత్రం రమ్మనండి, జాగా ఖాళీగా ఉంటుందన్నాను. రాసుకుని పోయాడు.

సెప్టెంబరు 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. మంజుల తంగేడు తెచ్చింది, గునుగు పూలు మరిచిపోయి మళ్లీ పోయింది. దాని బతుకమ్మ కొంచెం ఎడమకు ఒరిగింది. చెప్పాను. సరిచేసింది. నేను ఆడడం మానేసి చాలా కాలం. ఇంట్లో నుంచే పాట వినిపిస్తుంది.

సెప్టెంబరు 24, బుధవారం

మంజుల యూనిఫారాలు సంచిలో కనిపించాయి. మడతలు నేను నేర్పినట్టే ఉన్నాయి.

"ఇదేంది?"

"ఎట్లైన పోవుడే గద అమ్మమ్మా. ముందుగాల సదురుకుంటె అమ్మ లొల్లి వెట్టది."

"తీసి దండెం మీద ఎయ్యి."

తీసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, కసిరేదాన్ని. ఇంజెక్షను వేసేటప్పుడు ముసలివాళ్లు దీని చెయ్యే అడుగుతారట. గొప్పగా చెప్పలేదు, అన్నం కలుపుకుంటూ ఏదో మాటలో మాటగా అంది.

సెప్టెంబరు 26, శుక్రవారం

రాయాలి. ఉన్నదున్నట్టు.

దీపాల వేళకు హారన్ వినిపించింది. నా ఇంట్లో కూర్చుని హారన్ విన్నాను! మంచి చీర కట్టుకుని, కర్ర పట్టుకుని బడి దాకా పోయాను.

జాగా నిండా ఆడవాళ్లు. నడుమ బతుకమ్మలు, చుట్టూ రెండు వరుసలు, చప్పట్లు, పాట. చుట్టులో మంజుల కూడా. బస్సు వాళ్ల ముందు ముక్కు ఆనించుకుని నిలబడింది, లైట్లు పూల మీద పడుతున్నాయి. పాట మధ్యలో ఆపరు. పాట అయ్యేదాకా బతుకమ్మను లేపరు. ఎవరు లేపమంటారు? నేను అనగలనా?

డ్రైవరు మంచివాడు. ఇంజను ఆపి, దిగి, చెప్పులు విడిచి దండం పెట్టాడు. లైట్లు కూడా ఆర్పబోతే గంగవ్వ చుట్టు తిరుగుతూనే అరిచింది — "ఉండనియ్యి కొడుకా, మంచిగ కండ్లవడుతుంది!"

అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

"ఖాళీగ ఉంటదని చెప్పింది మీరే కద మేడం?"

"నేనే."

"మరి గిదేంది?"

ఈసారి నిలబడాల్సింది నేను. ముప్ఫై ఏళ్లు బడిలో పిల్లలను నిలబెట్టి జవాబు అడిగినదాన్ని.

పాట తర్వాత పాట ఎత్తుకున్నారు. కాసేపు చూసి ఇన్‌స్పెక్టరు బస్సెక్కాడు. తిరగడానికి చోటు లేక మెయిన్ రోడ్డు దాకా వెనక్కే నడిపారు. వెనక కండక్టరు ఈల వేస్తూ నడక, ఆయన వెనక ఊరి కుక్కలు.

తర్వాత గంగవ్వను అడిగాను. "ఈయేడు తదియ రెండు పొద్దులు నిలిచిందట పంతులమ్మా. గుడి అయ్యగారు చెప్పిండు. గందుకే అలుగుడు రేపు."

"మరి నాకెవలు చెప్పలేదేంది?"

"నువ్వు లెక్క తప్పుతవని ఎవలనుకుంటరు!"

సెప్టెంబరు 27, శనివారం

జాగా ఖాళీగా ఉంది. అలిగింది బతుకమ్మ ఒక్కతే కాదు. నేను కూడా ఎవరితోనూ మాట్లాడలేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

సెక్రెటరీ మళ్లీ వచ్చాడు. పక్క ఊరి వాళ్లు రైస్ మిల్లు వాకిలి చూపించారట, లారీలు తిరిగే జాగా. అయినా డ్రైవరు మా ఊరి మాట చెప్పాడట, "పండుగ పూట పోయినం, తప్పు మనది సుత ఉన్నది సార్" అని. ఇంకొక్కసారి వస్తారు. అక్టోబరు 4, శనివారం సాయంత్రం. ఈసారి ఖాళీ బస్సు కాదు, కరీంనగర్‌లో మనుషులను ఎక్కించుకుని ట్రిప్పు లెక్కనే వస్తుంది. తిరిగితే మాది. తిరగకపోతే మిల్లు వాకిలిది.

లలిత కూడా ఆ శనివారమే బయలుదేరుతుందట. కూతురిని తీసుకుపోవడానికి.

ఆడవాళ్లు ఆ జాగా ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. మగవాళ్లు కల్లు మండువ వదలరు. రాత్రి బస్సు వచ్చే వేళ, బతుకమ్మ ఆడే వేళ ఒక్కటే అని నా కళ్లతో చూశాను. ఏడాదంతా ఖాళీయే కదా అని సెక్రెటరీ అన్నాడు. గుడి కూడా చాలాసేపు ఖాళీగానే ఉంటుంది బాబూ అన్నాను.

ఆ జాగాను ఆనుకుని ఒక ప్లాటు ఉంది. చుట్టూ హద్దుకు రాతి కనీలు నిలువుగా పాతి ఉన్నాయి. ఈ పక్కన ఉన్నవి పీకితే బస్సు తిరగొచ్చు. ప్లాటు మా మరిది రాజలింగానిది.

రాజలింగం ఇంటి గడప నేను తొక్కను. వాళ్ల కొడుకు శ్రీనును ఏడో తరగతిలో ఫెయిల్ చేసినప్పటి నుంచి మాటల్లేవు. "సొంత మరిది కొడుకును..." అని మా తోటికోడలు చనిపోయేదాకా అంటూనే ఉంది. సొంతవాడైతే లెక్కలు వస్తాయా?

సెప్టెంబరు 29, సోమవారం

గడప తొక్కాను.

రాజలింగం మంచం మీద నుంచి లేచాడు. లేవడని అనుకున్నాను. "ఏంది వదినె, తొవ్వ తప్పినవా?"

విషయం చెప్పాను. ఉపోద్ఘాతం లేకుండా.

"అది మా పోరడు ఇల్లు కట్టుకుందామని కొన్న జాగ. ఎడారిల పనిజేసి కొన్నడు. బస్సులు దొర్లుటానికి గాదు."

"జాగంత అడుగుతలేను. మూల అడుగుతున్న."

"నన్నెందుకడుగుడు? వాణ్నే అడుగు, నీ శిష్యుడే గద!" అని ఫోను కలిపి నా చేతిలో పెట్టాడు. వేళాకోళానికే చేశాడు.

తెర మీద శ్రీను. గడ్డంలో తెల్ల వెంట్రుకలు. దుబాయిలో వాడు నడిపేది బస్సేనని నాకు ఇవాళే తెలిసింది.

"పెద్దమ్మా! నువ్వేనా? నన్ను ఫెయిల్ జేసినవు, యాదికున్నదా?"

"ఉన్నది. లెక్కలల్ల."

"ఇగ గిప్పుడు నా లెక్క ఇను. కెమెరా ఆ జాగకాడికి తీస్కపో."

మరిదీ, నేనూ ఫోను పట్టుకుని బడి దాకా నడిచాం. ఊరంతా చూసింది. శ్రీను అక్కడి నుంచి ఎడమ అన్నాడు, కుడి అన్నాడు, కరెంటు స్తంభం చూపించమన్నాడు. మూడు కనీలు తీస్తే చాలదట, నాలుగోది కూడా తీయాలి, లేకపోతే బస్సు తోక తగులుతుంది. తర్వాత కెమెరా బతుకమ్మ జాగా వైపు తిప్పమన్నాడు.

"నన్ను గన్న అవ్వ గుడ గా బతుకమ్మ జాగలనే ఆడుతుండె పెద్దమ్మా. దాని మీదికెల్లి టైరు పోనియ్యకుండ్రి. నా మూల తీస్కోండ్రి."

రాజలింగం ఫోను లాక్కున్నాడు. "నువ్వు ఆడికెల్లి మస్తు చెప్తవు! రేపు ఇల్లు కట్టేటప్పుడు ఈడ తిప్పలు వడేది నేను!"

ఇంటికి పోతూ నాతో అన్నది ఒకటే. "కనీలు పాతింది నేను. పీకినా నేనే పీకుత. ఎవలు ముట్టద్దు."

ఎప్పుడు పీకుతాడో చెప్పలేదు.

సెప్టెంబరు 30, మంగళవారం

అయ్యగారి లెక్కన ఊళ్లో ఈరోజే చివరిదైన సద్దుల బతుకమ్మ. ఈసారి గంగవ్వను మూడుసార్లు అడిగాను. పెద్ద బతుకమ్మలు. మంజులది నిటారుగా ఉంది. నేను బడి మెట్ల మీద కూర్చుని చూశాను. కనీలు అలాగే ఉన్నాయి.

అక్టోబరు 2, గురువారం

దసరా. చిన్నవాళ్లు జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకునే పొద్దు. ఎందరో వచ్చారు. చివరికి రాజలింగం. ఏళ్ల తర్వాత నా వాకిట్లోకి. ఆకు నా చేతిలో పెట్టి, వంగలేక వంగి కాళ్లు మొక్కాడు. వద్దనలేదు. వయసులో చిన్నవాడే.

"కనీలు?" అన్నాను.

"పండుగ నాడు గడ్డపార పడుతరా ఎవలన్న? ఏం పంతులమ్మవో!"

నవ్వాడు. నేను కూడా కొంచెం.

అక్టోబరు 3, శుక్రవారం

పొద్దున్నే గడ్డపార చప్పుడు. మంజుల పరుగెత్తుకొచ్చి చెప్పింది. పోయి చూస్తే రాజలింగం ఒక్కడే, తువ్వాలు తలకు చుట్టుకుని. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మధ్యాహ్నానికి మూడు పీకాడు. నాలుగోదానికి అడుగున సిమెంటు పోసి ఉందట. పోసింది తనే.

"ఎప్పుడన్న పీకుతననుకున్ననా వదినె!"

చీకటి పడేదాకా తవ్వాడు. కదిలింది, రాలేదు. అరచేతులు బొబ్బలు. మంజుల గుడ్డ తడిపి తుడిచి కట్టు కట్టింది, ఇంటి ఆవిడ కట్టినట్టు కాదు, ఆసుపత్రిలో కట్టినట్టు. వాడు చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"మంచిగ కట్టినవు బిడ్డా. గీ పిల్ల ఉట్నూరుకు పోతదా వదినె?"

గడ్డపార వాడి పక్క నుంచి తీసి బడి గోడకు ఆనించాను.

మంజుల యూనిఫారాలు మళ్లీ సంచిలో ఉన్నాయి. ఈసారి నేను తియ్యమనలేదు. తీయించాలంటే నాలుగో కనీ రావాలి.

రేపు కావలసినవి —

1. నాలుగో కనీ పీకాలి. రాజలింగం చేతులు పనికిరావు. వాడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా గంగవ్వ కొడుకును తెల్లవారే పంపాలి. తిడితే నన్ను తిట్టనీ.

2. గుంత పూడ్చాలి. మెత్త మట్టి కాదు, గట్టిపడే మొరం. టైరు దిగబడితే ఇన్‌స్పెక్టరు ఇక రాడు.

3. లైబ్రరీ గదిలో రెండు మంచాలు, దోమతెర, తాగేనీళ్లు. తలుపు గొళ్లెం లోపలి వైపు సరిగా పడదు, చూడాలి.

4. బతుకమ్మ రోజుల్లో బస్సు శ్రీను ప్లాటు మూల వైపు నుంచే తిరగాలని, పాట నడుస్తుంటే హారన్ కొట్టకూడదని ఇన్‌స్పెక్టరుకు చెప్పాలి. నేనే చెప్పాలి. అతని ముందు నిలబడి.

5. లలిత కరీంనగర్‌లో దిగగానే ఫోన్ చెయ్యాలి. మా ఊరి బోర్డున్న బస్సు ఎక్కమని, మెయిన్ రోడ్డు స్టేజీ దగ్గర దిగవద్దని.