సిమెంటు వ్యాపారి ఇంటి ముందు కట్టె కంచె

జూన్ 2, సోమవారం

నిర్ణయం అయిపోయింది. కొత్తింటి ముందు కట్టె కంచె. వానలు ముదరకముందే.

మాది కంచెలకు పాతే సిమెంటు కడీలు, గోడ ప్లేట్లు పోసి అమ్మే వ్యాపారం. బాపు పెట్టింది. సిద్దిపేట నుంచి బెజ్జంకి దాకా సగం పొలాలకు మా కడీలే కాపలా. అయితే ఏమిటి? మిఠాయి కొట్టువాడు మూడుపూటలా మిఠాయే తింటాడా?

పెళ్లయినప్పటి నుంచి సింధుజ సిమెంటు యార్డు పక్కనే కాపురం చేసింది. "గీ ఒక్క ఇంటికన్న సిమెంటు వద్దు" అంది. మాటిచ్చాను. బాపును అడిగేది లేదు. వెనక్కి తగ్గేది లేదు.

జూన్ 6

ఇద్దరం టింబర్ డిపోకు పోయాం. యజమాని సుధాకర్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏంది ప్రభాకరన్నా, తొవ్వ తప్పి వచ్చినవా?"

"మా ఇంటి కంచెకు కట్టె కావాలె."

నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. తర్వాత పనిలో పడ్డాడు. జామాయిల్ చవక, కానీ వంకరపోతుందట. వేప మంచిదే, ఆరేదాకా ఆగాలట. టేకు తీసుకున్నాను. ప్రభాకర్ అంటే టేకే.

ఎత్తు దగ్గర పేచీ. నేను తలెత్తు అన్నాను. సింధుజ నడుమెత్తు చాలంది, పలకకూ పలకకూ మధ్య సందు ఉండాలంది. "మొక్కలు బయటికి కనవడాలె. మనం జైల్ల ఉంటలేము." ఉదారంగా ఒప్పుకున్నాను.

జూన్ 12

కంచె నిలబడింది. గుంజల అడుగుకు తారు పూయించాం. పలకలు మట్టికి తగలకుండా కాస్త పైకి కొట్టించాం. పైన నూనె. ఎండలో తేనె రంగు.

సింధుజ చాయ్ గ్లాసు పట్టుకుని రోడ్డు అవతలికి పోయి, అక్కడి నుంచి చూస్తూ తాగింది. ఆమె అంత తీరుబడిగా చాయ్ తాగగా నేనెప్పుడూ చూడలేదు. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు ఎందుకు ఆగానో.

జూన్ 15, ఆదివారం

బాపు వచ్చాడు. బయటి నుంచే కంచె పొడవునా నడిచాడు. ఒక గుంజను పట్టి ఊపాడు. అది ఊగలేదు. అదే ఆయనకు నచ్చనట్టుంది.

"మందికి సిమెంటు అంటగట్టి నువ్వు కట్టెకు పోయినవారా?"

"సింధుజ ముచ్చటపడ్డది బాపూ."

"గీ నాగేశం కొడుకే సిమెంటు నమ్మలేదంటె ఇంక ఊరు నమ్ముతదా?"

గేటు దాటకుండానే వెళ్లిపోయాడు. పెద్దవాళ్లకు కొత్తది అలవాటు కావడానికి టైం పడుతుంది. నా నిర్ణయంలో మార్పు లేదు.

జూన్ 19

నారాయణరావుపేట నుంచి అరుణ్‌కుమార్ వచ్చాడు. మామిడితోట చుట్టూ మా ప్లేట్లు పెట్టించాలని ఆయన ఆలోచన. పెద్ద ఆర్డరు. కంచె చూసి ఆగిపోయాడు.

"మీ ఇంటికి పెట్టుకున్నదే నాకు గూడ పెట్టిపియ్యున్రి."

"కట్టె ఆగది సార్. చెదలు తింటది."

"మరి మీరెందుకు పెట్టుకున్నరు?"

మంచి ప్రశ్న. జవాబు నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. "మా ఇంట్ల ఆడోళ్ల పిచ్చి సార్. నాలుగు దినాలు చూసి పీకేస్త."

ఆర్డరు నిలబడింది. వెనక్కి తిరిగితే సింధుజ, చేతిలో రెండు చాయ్ గ్లాసులు. ఒకటి ఆయన ముందు పెట్టింది. రెండోది లోపలికి తీసుకుపోయింది.

వ్యాపారం ఆమెకు అర్థం కాదు.

జూన్ 24

ఇంటికి వచ్చిన ప్రతివాడికీ ఇదే చెబుతున్నాను: కట్టె పెడితే ఏమవుతుందో చూపించడానికే పెట్టాను, కొన్ని రోజులు ఆగి రండి, చెదలు చూపిస్తాను.

ఇబ్బంది ఏమిటంటే చెదలు రావడం లేదు. పొద్దున్నే వంగి చూస్తున్నాను. రెండు వానలు పడ్డాయి. ఒక్క పలక వంగలేదు, ఉబ్బలేదు. మొండి కట్టె.

గుంజల మొదట్లో తడిమట్టి కాస్త ఎగదోశాను. మొక్కల కోసమే. సాయంత్రానికి సింధుజ పార తెచ్చి మట్టి అంతా వెనక్కి లాగేసింది. నా మొహం చూడలేదు. ఆమె మాట్లాడక ఐదు రోజులు.

జూన్ 28

అరుణ్‌కుమార్ మళ్లీ వచ్చాడు. ఈసారి భార్య ప్రమీలాదేవి కూడా. నేను తోట గురించి చెబుతుంటే ఆమె నేరుగా కంచె దగ్గరికి పోయింది. సింధుజ అక్కడే పలకలకు నూనె పూస్తోంది.

"చెదలు వట్టిందట గదా చెల్లె?"

"కట్టెకు వట్టలే అక్కా. మా ఆయన మాటకు వట్టింది."

ఇద్దరూ నవ్వారు. అరుణ్‌కుమార్ నేల చూశాడు. నేనూ నేలే చూశాను. చెదల కోసం అనుకుని ఉంటాడు.

జూలై 3

కంచె తీయించేశాను. ఇది వెనక్కి తగ్గడం కాదు. వ్యాపారం ఉంది, బాపు పరువు ఉంది, పైగా వానాకాలం. కట్టె రంగు వేసిన సిమెంటు ప్లేట్లు బిగించాం. దూరం నుంచి చూస్తే అచ్చం కట్టే. చాలా దూరం నుంచి.

బాపు వచ్చి గోడను అరచేత్తో చరిచాడు. రెండుసార్లు చాయ్ అడిగి తాగాడు.

పీకిన టేకును సింధుజ ట్రాలీ ఆటో పిలిచి ఎక్కించింది. ఎక్కడికని అడిగాను. "దాన్ని దాచుకునెటోళ్ల ఇంటికి" అంది. పోనీ, మాట్లాడింది.

జూలై 9

మామిడితోట పని మీద నారాయణరావుపేట పోయాను. అరుణ్‌కుమార్ ఇంటి ముందు మా కంచె. అదే ఎత్తు, అవే సందులు. లోపల సింధుజ, ప్రమీలాదేవి బంతి నారు నాటుతున్నారు.

దారిన పోయే రైతు ఆగి నన్నడిగాడు: "మంచిగుంది సేటూ, ఎవలు పెట్టిపిచ్చిన్రు?"

నేనే అందామని నోరు తెరిచాను. నా వెనక ట్రాలీ నిండా నా ప్లేట్లు. "తెల్వదు" అన్నాను.

సింధుజ తలెత్తి చూసింది. మళ్లీ నారు మీదికి వంగింది.

జూలై 10, గురువారం

రాత్రంతా నిద్ర లేదు. కొత్త నిర్ణయం. కట్టె కంచె పెట్టి తీరతాను. టేకే. ఈసారి సిమెంటు గోడకు లోపలి వైపు. రోడ్డు మీంచి కనపడదు, బాపుకు బాధ లేదు, గిరాకీ పోదు. సింధుజకు కిటికీలోంచి కట్టే కనిపిస్తుంది. ఇంత సులువు ఉపాయం ముందే ఎందుకు తోచలేదో.

చెప్పాను. ఆమె అంతా విన్నది.

"బయట సిమెంటు, లోపట కట్టె. మీరు నడుమల నిలవడ్తరా?"

అదీ నిజమే. నూనె పూయడానికి మనిషి పట్టేంత జాగా వదలాలి. రేపే డిపోకు పోయి కొలతలు ఇస్తాను.