పైడమ్మ నోట్లో చుట్ట

బీర్‌గావ్, రాయ్‌పూర్

మ్యూజియం ఆఫీసరు అమూల్యమ్మకి,

ఆరేళ్లుగా నా కడుపు మండుతోంది. మీ గోడ మీద రైలుకట్ట పక్కన కంకర తట్ట మోస్తున్న ఫొటో మా అమ్మ పైడమ్మది. దాని కింద "దుఃఖం దిగమింగుతున్న కూలీ" అని రాశారు. దుఃఖమూ లేదు, గిక్కమూ లేదు. నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ పీలుస్తోంది. మా శ్రీకాకుళం ఆడోళ్లు చుట్ట అలాగే కాలుస్తారు. నోరు మూసుకుంటే ఏడుస్తున్నట్టేనా? మేస్త్రీనే గడగడలాడించిన మనిషమ్మా! మీ గార్డుకి చెబితే "హటో బాబా" అని పక్కకి తోలేశాడు.

నువ్వు తెలుగు పిల్లవని నీకు రాస్తున్నాను. ఆ ముక్క చెరిపి మా అమ్మ పేరు రాయి. దసరా లోపు జవాబు రాకపోతే మా అప్ప, అదే అమ్మ పెద్దకూతురు, అడ్డపొగ పెట్టుకొచ్చి ఆ ఫొటో కిందే కూర్చుంటుంది. ఎవరికి ఏడుపొస్తుందో అప్పుడు చూద్దాం.

ఇట్లు,
పైడమ్మ కొడుకు